రాగి చెయ్యి, ఇనప కొక్కెం

మధ్యాహ్నం. ఇంటి ముందు కొలిమి షెడ్డు. గుమ్మంలో స్టూలు మీద అత్త, లోపల కోడలు.

"దాగలి కూడానా, అత్తయ్యా?"

"దాగలి కూడానే. కొట్టే దిమ్మ లేకుండా సుత్తులొక్కటే తీసుకెళ్ళి వాడేం చేసుకుంటాడు, ఉల్లిపాయలు చితక్కొట్టుకుంటాడా?"

"వాడు తుక్కు బండివాడు. వాడికి మీ సుత్తయినా ఒకటే, చిల్లుపడ్డ బకెట్టయినా ఒకటే. అన్నీ కలిపి కాటా మీద పడేస్తాడు."

"పడెయ్యనీ. ఆ పట్టకారు ఇలా అందుకో. పొడుగుది కాదే, వంకర మూతిది."

"అందుకోను."

"అందుకోకు. నేనే లేస్తాను. మోకాళ్ళు నావి, నొప్పులు నావి, నీకేం పోయింది."

"కూర్చోండి, కూర్చోండి. ఇదిగో మీ వంకర మూతి. కానీ దాగలి మాత్రం ఇవ్వనివ్వను. మామయ్య చేతి దాగలి. ఆయన పోయాక మీరు దీని ముందు నిలబడే కదా మీ అబ్బాయిని పెంచారు."

"పెంచాను. పెంచి ఏం చేశాను? తాడు కట్టుకుని వేలాడుతూ రంగులేసుకోమని, నా చేత్తో కొట్టిన కొక్కెం ఇచ్చి అంత ఎత్తు గోడ మీదికి పంపాను, అది విరిగి పడ్డాడు. కింద ఇసక కుప్ప ఉండబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి..."

"ఆ మాట అనకండి."

"అనకపోతే ఏమైనా తగ్గుతుందా? కాల్లో కడ్డీ వేశారు. నడుస్తాడట, కుంటుతాడట. డాక్టర్ని అడిగానే, ఆ కడ్డీ కాల్చి సాగదీసిందా, చల్లగా లాగిందా అని."

"డాక్టర్నా? ఏమన్నాడు?"

"నవ్వాడు. 'అమ్మా, అది కంపెనీ నుంచి వస్తుంది' అన్నాడు. కొడుకు కాల్లో పెట్టిన ఇనుము ఎలా పుట్టిందో తల్లికి తెలియక్కర్లేదా?"

"చల్లగా లాగిందే అయ్యుంటుంది లెండి. చల్లగా లాగితేనే గట్టి."

"వచ్చావు! ఇంత జరిగినా నీ చల్ల పాట మానవు కదా."

"పాట కాదు, అత్తయ్యా. ఊరికే నోట్లోంచి వచ్చేసింది."

"రానీలే. నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్న రోజే అనుకున్నాను, కమ్మరి వీధిలో సూదులు అమ్మడానికి వచ్చింది పిల్ల అని. రాగి గిన్నెలు కొట్టే ఇంటి నుంచి కొలిమింటికి సంబంధం కలుపుకోవడం నా తప్పే. మీ నాన్న మా గుమ్మంలో కాఫీ తాగుతూ ఏమన్నాడో గుర్తుందా?"

"గుర్తు చేయకండి."

"'మా పిల్లకి చేతిలో పని ఉంది వదినగారూ, నిప్పు అక్కర్లేదు' అన్నాడు. కొలిమి ముందు నిలబడి అంటున్నాడు ఆ మాట!"

"నాన్న సంగతి తెలుసు కదా. ఆయన నోటికి కాల్చి బిగువు తీసేవాళ్ళు ఇంకా పుట్టలేదు."

"అదిగో, అలా నవ్వు. అయిదారు రోజులుగా ఇంట్లో నవ్వే లేదు."

"నవ్వు రావట్లేదు. అత్తయ్యా, కొక్కెం విరగడానికి మీ చెయ్యే కారణమని ఎవరన్నారు మీతో?"

"ఎవరూ అనక్కర్లేదు. ఆ మూల కుప్ప చూడు. రంగులేసేవాళ్ళందరూ కొక్కేలు తెచ్చి తిరిగిచ్చిపోయారు. ఒక్కడూ ఒక్క మాట అనలేదే. 'పెద్దమ్మా, ప్రస్తుతానికి అక్కర్లేదులే' అని మెల్లగా దించిపెట్టి, చెప్పులేసుకుని పోయారు. తిట్టిపోసినా బాగుండేది."

"అవన్నీ మంచి కొక్కేలు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు. మీరు పాత లారీ కమాన్ పట్టీని ఎర్రగా కాల్చి వంచుతారు. వంచాక బూడిదలో పాతిపెట్టి రాత్రంతా ఆరనిస్తారు. తొందరపెట్టరు. ఎన్నిసార్లు చూశాను."

"చూశావా? చూస్తూ ఎప్పుడూ ఏమీ అడగలేదే."

"అడిగితే ఎగతాళి చేస్తారని."

"ఓహో. అడగందే చెబితే అత్త పెత్తనం చేస్తోందంటావని నేను చెప్పలేదు."

"కొత్తల్లో చెప్పేవారుగా. వంటింట్లో కూర తరుగుతూ అక్కణ్ణించే కేకేసేవారు. 'చల్లారిందే, ఇంక కొట్టకు, మళ్ళీ కొలిమిలో పెట్టు' అని. మీకు కళ్ళు గోడల్లో ఉన్నాయా అనుకునేదాన్ని."

"కళ్ళెందుకు? ఎర్రటి ఇనుము మీద దెబ్బ పడితే పిండిముద్ద మీద పడ్డట్టు ఉంటుంది. చల్లారిందంటే గణగణమంటుంది. ఆ మాత్రం వినబడకపోతే ఇన్నాళ్ళూ ఇక్కడ గాడిదలు కాశానా?"

"మా ఇంట్లో ఆ గణగణే కావాలి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా గణగణే. రాగిని చల్లగానే కొడతాం. కొట్టగా కొట్టగా బిగుసుకుపోతుంది. బిగుసుకుపోయిందని చెయ్యే చెబుతుంది, సుత్తి ఎగిరొస్తుంది. అప్పుడు..."

"అప్పుడు?"

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏం లేదు. ఆ నిప్పుల పార ఇటివ్వు."

"అప్పుడు ఏం చేస్తామో అడగరా?"

"నాకెందుకే మీ రాగి గొడవ? ఇంకాసేపట్లో ఇక్కడ ఇనుమే ఉండదు. షెడ్డు ఖాళీ చేసి, కడిగి, వాడికి ఇక్కడే మంచం వేద్దాం. మెట్లెక్కలేడు కదా. గాలొస్తుంది, దారిన పోయేవాళ్ళు కనబడతారు, పొద్దుపోతుంది."

"కొలిమి ఉన్న చోట మంచమా?"

"కొలిమిని కూడా పగలగొట్టిస్తాను. ఇటుకలే కదా."

"అత్తయ్యా, ఒక్కటి అడుగుతాను. విరిగిన ముక్క ఏమైందని మీరు ఒక్కసారి కూడా అడగలేదు."

"ఏ ముక్క?"

"కొక్కెం ముక్క. ఆయనతో పాటు పనిచేసే అతను ఆ రోజే తెచ్చి నా చేతిలో పెట్టాడు. మీరు ఇక్కడే, ఈ స్టూలు మీదే ఉన్నారు. చూశారు కూడా."

"చూశానేమో. ఆ కంగారులో ఏం చూశానో, ఏం చూడలేదో."

"ఎవరి కొడవలి విరిగినా, గడ్డపార విరిగినా, ముందు ముక్క ఇటివ్వు అంటారు మీరు. విరిగిన చోటు వెలుతురుకి పెట్టి చూస్తారు. ఇది పాత పగులు, ఇది కొత్త పగులు, ఇది మాడిన ఇనుము అని చెప్తారు. సొంత కొడుకుని పడేసిన ముక్కని మాత్రం చూడరా?"

"చూసి ఏం చేయను? చేతులు కాలాక ఆకులు పట్టుకోనా? ఎక్కడ పెట్టావు దాన్ని?"

"బియ్యం డబ్బాలో."

"బియ్యం డబ్బాలోనా! రోజూ చెయ్యి పెట్టే చోట దాచావా!"

"బియ్యం తీసినప్పుడల్లా వేలికి తగులుతుంది. తగలాలనే పెట్టాను. తెస్తాను, ఉండండి."

"వద్దు."

"చూడండి ఒక్కసారి. చూస్తే మీకే అర్థమవుతుంది, మీ చెయ్యి కాదని."

"వద్దన్నానా! తెచ్చావంటే నేను లేచి లోపలికి పోతాను. నువ్వూ నీ ముక్కా ఇక్కడే ఉండండి."

"సరే. తేను. అరవకండి."

"ఎక్కడరిచాను?"

"ఇప్పుడే."

"పెద్దమ్మా! పెద్దమ్మా, తుక్కు బండి! మీరేనా కబురంపింది?"

"వచ్చాడు. రా బాబూ, రా. బండి కొంచెం ఇటు పెట్టు, కాలవ గట్టు జారుడుగా ఉంటుంది. ఇదిగో, ఈ సుత్తులు, పట్టకార్లు, ఆ మూల కుప్ప అంతా. దాగలి బరువు, నువ్వొక్కడివే ఎత్తగలవా?"

"ఎత్తుతాను గానీ పెద్దమ్మా, దాని మీద ఈ అక్క కూర్చున్నారేంటి?"

"లేవే."

"లేవను."

"పరాయి మనిషి ముందు ఏమిటా కూర్చోవడం? లే!"

"అన్నా, నన్ను కూడా కలిపి కాటా వేసుకో. నేనూ తుక్కే."

"అక్కా, నాకు ఇంకో రెండు వీధులు తిరగాలి. మీరూ మీరూ తేల్చుకోండి."

"దానికి కాస్త మతి చలించింది బాబూ, మొగుడు ఆసుపత్రిలో ఉన్నాడు కదా. ముందు ఆ కొక్కేలు ఎత్తు."

"కొక్కేలు ముట్టుకోకన్నా! అవి మనుషుల్ని మోసే కొక్కేలు, తుక్కు కాదు. నువ్వెళ్ళి ఆ చెట్టు నీడలో కాసేపు కూర్చో. మంచినీళ్ళు కావాలంటే కుండలో ఉన్నాయి. నేను మా అత్తయ్యతో ఒక మాట చెప్పాలి."

"ఏమీ లేదు చెప్పడానికి. నువ్వు ఎత్తు బాబూ."

"పెద్దమ్మా, నేను నీళ్ళు తాగొస్తాను. ఆడవాళ్ళ మధ్య దూరితే నాకు బండి కూడా మిగలదు."

"చూశావా? వాణ్ణి కూడా తరిమేశావు."

"తరమలేదు. నీళ్ళు తాగడానికి వెళ్ళాడు. అత్తయ్యా, నావంక చూడండి."

"ఇక్కడున్నాను కదా, చెప్పు."

"గోడ వంక చూస్తున్నారు."

"నీ మొహం కొత్తగా చూసేదేముంది? రోజూ చూస్తున్నదే."

"విరిగేనాటికి ఆ కొక్కెం మీరు చేసినప్పటిలా లేదు, అత్తయ్యా. నేను చెయ్యి పెట్టాను."

"పోనీలే."

"పోనీలే ఏంటి? విన్నారా నేనన్నది?"

"విన్నాను. చెయ్యి పెట్టావు. ఇల్లన్నాక అందరూ అన్నిటి మీదా చెయ్యి పెడతారు. బండివాణ్ణి పిలు."

"మీరెందుకు నన్ను చెప్పనివ్వరు? ఇన్ని రోజులుగా చూస్తున్నాను. నోరు తెరిస్తే చాలు, 'పాలు పొంగుతున్నాయేమో చూడు' అంటారు. పాలే లేని రోజున కూడా అన్నారు."

"మతిమరుపే. వయసొచ్చింది."

"ఆ ముందు రోజు సాయంత్రం మనిద్దరం పోట్లాడుకున్నాం. గుర్తుందా, దానికీ మతిమరుపేనా?"

"అది గుర్తుంది. బోలెడుమంది ముందు అన్నావు కదా. 'ఇనుముదేముంది, సగం పని నిప్పే చేసి పెడుతుంది, చల్ల పనికే చెయ్యి కావాలి' అని. ఇంతమంది కొలిమికి పని తెచ్చేవాళ్ళు నిలబడి నవ్వారు."

"సరదాకన్నాను."

"నాకు సరదాగా లేదు. ఇంత వయసొచ్చి, అరచేతులు కాయలు కాచి, కనుబొమలు కాలిపోయి, చివరికి పని నిప్పు చేసిందా?"

"తప్పే. అప్పుడే కాళ్ళు పట్టుకుని ఉండాల్సింది. మీరేమో 'నా కొడుకు మీద ఒట్టు, ఇంక పని సంగతిలో నీకొక్క మాట చెప్తే చూడు' అని లోపలికి వెళ్ళిపోయారు. అన్నం కూడా తినలేదు."

"ఆకలి లేకపోయింది."

"అప్పుడే ఆయన మీ గది దగ్గరికి వచ్చి అడిగారు. కొత్త బిల్డింగ్ పిట్టగోడ లావుగా ఉంది, కొక్కెం మూతి పట్టట్లేదు, కాస్త విప్పి పెట్టమ్మా అని."

"అడిగాడు."

"మీరేమన్నారు?"

"నీ పెళ్ళాన్ని అడగరా, చెయ్యి ఉన్నది దానికే కదా, అన్నాను. చాలా? నా నోటితోనే చెప్పించావు. ఇంక ఊరుకో."

"పొద్దున్నే ఆయన నన్నడిగారు. స్నానం చేసొచ్చేలోగా మూతి కాస్త విప్పి పెట్టు అని. నాకు గర్వమొచ్చింది, అత్తయ్యా. మీరు లేకుండా మీ దాగలి మీద మీ ఇనుము వంచడం. మీరు నిద్రపోతున్నారు, తలుపేసి ఉంది. లేపి అడుగుదామా అనుకున్నాను. ఎందుకు అడగాలి అని కూడా అనుకున్నాను."

"ఊఁ."

"చల్లగానే కొట్టాను. రాగిలా కాదు, మొండికేసింది. అయినా కాస్త కాస్త విప్పుకుంది. గోడకి పట్టేంత వచ్చింది. అక్కడితో ఆపేసి ఉంటే..."

"ఆపేసి ఉంటే నిలిచేదే."

"అవును, నిలిచేది! మీకెలా..."

"ఎలా ఏంటి? ఎంత ఇనుము చూశాను. బూడిదలో ఆరిన కమాన్ పట్టీ అంత తేలిగ్గా విరగదు. చల్ల దెబ్బలు నాలుగు తిన్నా ఓర్చుకుంటుంది."

"నాకది తెలియదు. ఇన్ని చల్ల దెబ్బలు తింది, బిగుసుకుపోయి ఉంటుంది, ఆయన దీనికి వేలాడతారు, పగులుతుందేమో అని భయమేసింది. మా ఇంట్లో బిగుసుకుపోయిన రాగికి ఏం చేస్తామో ఇందాక అడగనన్నారు కదా. ఇప్పుడడగండి."

"అడగను."

"ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచుతాం! ముంచితే వెన్నలా మెత్తబడుతుంది. మళ్ళీ ఎంత కావాలంటే అంత కొట్టుకోవచ్చు. ఊహ తెలిసినప్పటి నుంచీ చేస్తున్న పని. అమ్మ కాల్చేది, నేను ముంచేదాన్ని. చెయ్యి దానంతటదే చేసేసింది, అత్తయ్యా. కొలిమి రాజేశాను, బ్లోయర్ వేశాను, ఎర్రగా కాల్చాను, తీసుకెళ్ళి నీళ్ళ తొట్టిలో ముంచాను."

"చాలు."

"చాలదు. మీరు ఉలి మొనకి పదును పెట్టేటప్పుడు నీళ్ళలో ముంచడం చూశాను. గట్టిపడడానికి ముంచుతున్నారని నాకు తెలియదు. మా ఇంట్లోలాగే అనుకున్నాను. రాగి మెత్తబడితే ఇనుమూ మెత్తబడుతుంది, లోహం లోహమే కదా అనుకున్నాను. నిన్న మీరు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒక కమాన్ ముక్క తీసుకుని అలాగే చేసి చూశాను. దాగలి మీద పెట్టి ఒక్క దెబ్బ వేశాను. గాజులాగ పెళ్ళున విరిగి ఒక ముక్క ఎగిరి గోడకి తగిలింది. అప్పుడు తెలిసింది. ఆయన బాగుండాలని చేసిన పనే ఆయన్ని పడేసింది. ఊరికే వదిలేసినా సరిపోయేది!"

"ఏడవకు. కళ్ళు తుడుచుకో. బండివాడు చూస్తున్నాడు."

"చూడనీ. మీరేమీ అనరేంటి?"

"ఏమనాలి?"

"తిట్టండి. మా పుట్టింటికి పొమ్మనండి. ఆ పట్టకారు విసరండి. మీరిలా మెత్తగా ఉంటే నాకు భయమేస్తోంది."

"తెలియక చేశావు."

"తెలియక చేశాను, తెలిసి దాచాను. మీ మీద అందరూ నింద వేస్తుంటే చూస్తూ, వంటచేసి వడ్డించాను. రంగులవాళ్ళు ఒక్కో కొక్కెమూ తెచ్చి ఆ మూల పడేస్తుంటే, తలుపు వెనక నిలబడి చప్పుళ్ళు విన్నాను. ఒక్కో చప్పుడుకీ ఇప్పుడు చెప్తాను, ఇప్పుడు చెప్తాను అనుకున్నాను. గుమ్మం దాటలేకపోయాను."

"వాడికి తెలుసా?"

"మూతి విప్పానని తెలుసు. ఆయనే కదా అడిగింది. నీళ్ళ సంగతి తెలియదు. ఆసుపత్రిలో మొదటి రోజు నేను నోరు తెరవబోతే చెయ్యి నొక్కిపట్టారు. 'ఊరుకో. అమ్మయితే తట్టుకుంటుంది, నాలుగు రోజులు బాధపడి మర్చిపోతుంది. నీ పేరు బయటపడితే జీవితాంతం అంటారు' అన్నారు."

"అమ్మయితే తట్టుకుంటుందన్నాడా?"

"అన్నారు. నేనూ సరే అని తలూపాను. ఆ తలూపడం గుర్తొస్తే నా మీద నాకే అసహ్యమేస్తుంది."

"వాడన్నదాంట్లో తప్పేం లేదు. తట్టుకుంటాను. అందుకే చెప్తున్నా, నువ్వు అరిచి గీపెట్టకు. ఉన్నది ఉన్నట్టు ఉండనీ. అత్త చేసిన కొక్కెం విరిగింది, అత్త కొలిమి ఎత్తేసింది. అంతే. నాలుగు రోజులు చెప్పుకుంటారు, మర్చిపోతారు."

"ఎందుకు ఉండనివ్వాలి?"

"నువ్వు చిన్నదానివి. ఇంకా ఎన్నాళ్ళో ఈ వీధిలో తల ఎత్తుకు తిరగాల్సినదానివి."

"మీరు చేయని తప్పుకి మామయ్య దాగలిని తుక్కుకి ఇచ్చేసి, నన్ను తల ఎత్తుకు తిరగమంటారా? రేపటి నుంచి ఈ షెడ్డు లోంచి చప్పుడు రాకపోతే మీరు బతకగలరా?"

"ఏ చప్పుడూ లేకపోతేనే బతుకుతాను."

"అదేం మాట?"

"ఏదో అన్నాలే. లే, ఆ దాగలి మీంచి."

"లేవను. వినండి, అత్తయ్యా. నేను తీర్మానించుకున్నాను. సాయంత్రం ఆయన్ని తీసుకురావడానికి రంగులవాళ్ళందరూ వస్తారు కదా, మంచం మోయడానికి. అందరి ముందూ చెప్తాను. కొక్కెం మంచిదే, నేను పాడుచేశాను, ఎవరివి వాళ్ళు పట్టుకెళ్ళండి అని. ఆయనకీ చెప్తాను. తర్వాత మీ ఇష్టం. ఉండమంటే ఉంటాను. పొమ్మంటే పోతాను."

"చెప్పకు."

"చెప్తాను."

"నా మాట విను. చెప్పకే. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"అయ్యో, ఇదేం పని, లేవండి! పెద్దవారు, నా కాళ్ళ దగ్గర... నా పరువు కోసం మీరింత అక్కర్లేదు, అత్తయ్యా. నా తల్లి కూడా చేయదు ఇలా."

"నీ కోసం కాదే."

"మరి?"

"నువ్వు చెప్తే నేనూ చెప్పాలి వాడికి."

"మీరేం చెప్పాలి? మీరేం చేశారని? బండి అన్నా, నువ్వు వెళ్ళు! ఇక్కడ ఇచ్చేదేమీ లేదు!"

"నిజమేనా పెద్దమ్మా? వెళ్ళిపోమంటారా? ఎండలో ఇంత దూరం తోసుకొచ్చాను."

"ఏమో బాబూ. అదెలా చెబితే అలాగే."

"ఈ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో ముందు తేల్చుకుని కబురంపండి పెద్దమ్మా. వస్తాను."

"వెళ్ళాడు. ఇప్పుడు చెప్పండి. మీరేం చెప్పాలి ఆయనకి?"

"దాహమేస్తోంది."

"నీళ్ళిస్తాను, ముందు చెప్పండి. పోట్లాట సంగతా? 'నీ పెళ్ళాన్ని అడుగు' అన్నందుకా? అది కోపంలో అన్నమాట. దానికి ఇంత కుమిలిపోతారా? మీరు లేచి ఉంటే నన్ను ఆపేవారు. నిద్రలో ఉన్నారు. నిద్రపోవడం తప్పెలా అవుతుంది?"

"నిద్రెక్కడిదే ఆ రోజు నాకు?"

"అత్తయ్యా..."

"ఈ గోడకి అవతలే కదా నా మంచం. నువ్వు చల్లగా కొట్టడం విన్నాను, 'పరవాలేదే, సాధించింది' అని కూడా అనుకున్నాను. బ్లోయర్ విన్నాను. ఎర్ర ఇనుము నీళ్ళ తొట్టిలో సుయ్‌మనడం విన్నాను. 'విరుగుతుందే' అని ఒక్క కేక వేస్తే చాలు. పని సంగతిలో నోరెత్తనని వాడి మీద ఒట్టేశాను కదా, 'దీనికి బుద్ధి రావాలిలే' అనుకుని, వాడు బయటికి వెళ్తూ గేటు వేసిన చప్పుడు కూడా విని, దుప్పటి ముసుగెట్టుకుని అటు తిరిగి పడుకున్నాను."